రెడ్డెమ్మ చేతి నీళ్లు

పుంగనూరులోని ఆ వీధిలో రెడ్డెమ్మ చేత నీళ్లు పోయించుకోని పసిబిడ్డ లేదు. అట్లాంటిది, సొంత మనవరాలికి నీళ్లు పొయ్యాలంటే ఇప్పుడు ఆమెకు చేతులాడటం లేదు. పాప మోచేతుల మడతల్లో ఎర్రగా చిట్లిన చర్మం చూసి, అది ఎగ్జిమా అనీ, వేడినీళ్లూ సున్నిపిండీ మానమనీ మదనపల్లె డాక్టరు నిన్ననే చెప్పినాడు.

"నేనే బిడ్డను ఇట్ల చేస్తినేమో యమునమ్మా," అంది కోడలితో.

"నీ తప్పేం లేదని డాక్టరు సెప్పినాడు గదత్తా. రా, నువ్వే పొయ్యి."

రెడ్డెమ్మ గోరువెచ్చని నీళ్లు మెల్లగా పోసింది. రుద్దలేదు. మెత్తటి గుడ్డతో అద్ది, ఒళ్లు పూర్తిగా ఆరకముందే డాక్టరు రాసిచ్చిన క్రీము పూసింది. పాప ఏడవలేదు. అయినా ఆమెకు కుదురు లేదు. సాయంత్రంలోగా నాలుగుసార్లు పాప చొక్కా చేతులు పైకి జరిపి చూసింది. ఎరుపు కొంచెం తగ్గినట్టే అనిపించింది గానీ, పైకి అనడానికి భయమేసి ఊరుకుంది.