తూము కోసం వెతికిన ఉమాకుమారి

తాడేపల్లిగూడెంలో ఇల్లు కొన్నానని ఉమాకుమారి చెప్పినప్పుడు, ఏలూరులో ఆమె పనిచేసే హైస్కూలు స్టాఫ్‌రూములో అందరూ మెచ్చుకున్నారు. ఇరవై రెండేళ్ళు సోషల్ పాఠాలు చెప్పి కూడబెట్టినదంతా ఆ రెండు పోర్షన్ల డాబా ఇంట్లోనే పెట్టింది. అద్దెలు వస్తుంటే రిటైరయ్యాక ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదని ఆమె ధీమా.

జూలైలో పడిన మొదటి పెద్దవానకే వీధిలో నీళ్ళు ఇంట్లోకి వచ్చేశాయి. బాత్‌రూములోంచి మురుగు ఎగదన్నింది. గోడలు మోకాలెత్తున చెమ్మెక్కాయి. రెండు పోర్షన్లవాళ్ళూ ఒకే వారంలో ఖాళీ చేసి వెళ్ళిపోయారు. తర్వాత టులెట్ బోర్డు చూసి వచ్చినవాళ్ళు గోడ మీద చెయ్యి వేసి చూసి, వెంటనే చెప్పులు తొడుక్కునేవారు.

ఇల్లు ఇప్పించిన బ్రోకరు గంగాధరరావు ఫోను చేశాడు.

"మేడమ్ గారూ, ఆ వీధి పల్లమండి. ఏం చేసినా అంతేనండి. నా దగ్గరో పార్టీ ఉన్నాడు. మీరు కొన్నదాంట్లో సగానికైతే తీసుకుంటానంటున్నాడండి. ఇచ్చేయండి."

"కొనేటప్పుడు పల్లమని చెప్పలేదేమండీ?"

"మీరు ఎండాకాలంలో చూశారు కదండీ," అన్నాడతను తడుముకోకుండా.

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. నిజమే మరి. గోడల రంగు చూసింది, స్టేషను ఎంత దూరమో చూసింది. వానొస్తే నీళ్ళు ఎటు పోతాయని ఒక్కరినీ అడగలేదు.

"పోతే పోయిందిలే ఉమా, అమ్మేద్దాం," అన్నాడు భర్త రవిశంకర్. ఆ ఓదార్పుకే ఆమెకు ఎక్కువ బాధేసింది.

"ఏవండీ, ఒక్కసారి వానలో వెళ్ళి చూసొస్తాను. ఆ తర్వాత మీరెలా అంటే అలాగే."

ఆ ఆదివారం పొద్దుటినుంచీ ముసురు. ఉమాకుమారి పాసింజరు దిగి, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, గొడుగు పట్టుకుని వీధిలో నిలబడింది. గంటసేపు నీళ్ళనే చూసింది. అవి వీధి చివర రోడ్డు దాకా జోరుగా పోతున్నాయి. అక్కడ దారి దొరక్క, సుడి తిరిగి, ఆమె ఇంటివైపే వెనక్కి మళ్ళుతున్నాయి.

ఎదురింటి అరుగు మీంచి పాపాయమ్మ అనే పెద్దావిడ కేకేసింది. "అమ్మాయ్, తడిసిపోతున్నావు, పైకి రా! ఏం పోగొట్టుకున్నావేంటి?"

"నీళ్ళు ఎటు పోవాలో చూస్తున్నానండి."

"ఇదంతా ఒకప్పుడు మా వరిచేలేనమ్మా. ఆ రోడ్డు కింద తూముండేది. ఎంత వానైనా దాంట్లోంచి అవతలి కాలవలోకి దిగిపోయేది. రెండేళ్ళ కిందట ఆ మూల మేడ కట్టినవాళ్ళు ఇటుక ముక్కలూ మట్టీ అంతా అక్కడే పోశారు. ముసలిదాని మాట ఎవరు వింటారు?"

ఉమాకుమారి విన్నది. మర్నాడే సెలవు పెట్టి మున్సిపల్ ఆఫీసులో లేఅవుట్ ప్లాను నకలుకు అర్జీ పెట్టింది. వారానికి చేతికొచ్చిన కాగితంలో పాపాయమ్మ చూపించిన చోటే తూము గీసి ఉంది. వీధిలో తొమ్మిది ఇళ్ళకూ తిరిగి సంతకాలు పెట్టించింది. గంగాధరరావు అప్పటికే మరో నలుగురిని కూడా అమ్మేయమని అడిగాడని అప్పుడే తెలిసింది. అందరికీ చెప్పిన పార్టీ ఒక్కడే, అతని బావమరిది.

ప్లానూ సంతకాలూ చూసి మున్సిపల్ ఇంజినీరు రాజరత్నం కుర్చీలోంచి లేచాడు. "కాగితం ఇంత స్పష్టంగా ఉంటే ఇంకేం కావాలండీ? గురువారం తవ్విద్దాం."

గురువారం జేసీబీ వచ్చింది. ఇటుక ముక్కలు వచ్చాయి, గడ్డకట్టిన సిమెంటు బస్తాలు వచ్చాయి. మధ్యాహ్నానికి తూము నోరు కనిపించింది. ఆఖరి పెళ్ళ ఊడగానే వారం రోజులుగా వీధిలో నిలిచిన నీళ్ళన్నీ హోరుమంటూ అందులోకి దూకాయి. జనం ఈలలు వేశారు. పాపాయమ్మ అరుగు మీంచి చప్పట్లు కొట్టింది. ఉమాకుమారి బురద కాళ్ళతోనే ఆవిడని వాటేసుకుంది.

ఆ సాయంత్రమే గంగాధరరావు ఫోను. "మా పార్టీ మీరు కొన్న రేటుకే తీసుకుంటాడండి."

"అమ్మనండి," అని పెట్టేసింది.

చెమ్మ పట్టిన గోడలు గీకించి, కొత్త పూత పూయించి, బాత్‌రూము ఎత్తు చేయించింది. మొదట వచ్చింది విక్టోరియా. హాస్పటల్లో నర్సు, తోడు తల్లి మాత్రమే ఉంది. "నైట్ డ్యూటీలుంటాయండి. మగదిక్కు లేదని ఎవరూ ఇల్లివ్వట్లేదు," అంది ముందుగానే.

"నా ఇంటి సంగతి కూడా వినమ్మా," అని ఉమాకుమారి వరద కథంతా చెప్పి, తూము చూపించింది.

విక్టోరియా నవ్వేసింది. "ఇన్ని ఇళ్ళు చూశాను, లోపం దాచకుండా చెప్పింది మీరేనండి."

అక్టోబరులో తుపాను మూడు రోజులు విడవకుండా కురిసింది. మూడోరోజు ఉమాకుమారి క్లాసులో ఉండగా ఫోను మోగింది. గబగబా వరండాలోకి వచ్చి తీసింది.

"వాకిట్లో చుక్క నిలవలేదండి!" విక్టోరియా గొంతు సంబరంగా ఉంది. "మా హాస్పటల్లో చేసే శ్రావ్యగారు వానలోనే వచ్చి చూశారు. రెండో పోర్షను తనకే కావాలంటున్నారు. ఇదిగో, పక్కనే ఉన్నారు, మాట్లాడండి."