కిర్రుమన్న తలుపు

“మా పిల్లకు మనిషి వేషమే దొరకలేదా అమ్మా? ఒకడు ఎలుగుబంటట, ఒకతె అవ్వట. మాది మాత్రం తలుపా?”

నాటకం మొదలవబోతుండగా పిచ్చుక వాళ్లమ్మ అడిగిన మాట అది. పిచ్చుక రెండో తరగతి పిల్ల. గొంతు సన్నం కాబట్టి బడిలో అందరికీ పిచ్చుకే.

“తనే అడిగి తీసుకుందండీ,” అంది నాటకం టీచరు.

“తలుపుకు మాటలుంటాయా?”

“లేవండీ. తెరుచుకునేటప్పుడు కిర్రుమంటుంది.”

“వారం నుంచీ ఇంట్లో అదేగా. అన్నానికి పిలిస్తే కిర్రు, స్నానానికి పిలిస్తే కిర్రు.” ఆవిడ మూతి తిప్పుకుంటూ వెళ్లి ముందు వరుసలో, పెద్ద మేడం పక్కన కూర్చుంది.

టీచరుకు అసలు భయం ఆ పెద్ద మేడంతోనే. నిన్న సాయంత్రం ఆవిడ తేల్చి చెప్పేసింది.

“చూడమ్మా, నీ పీరియడ్ తనకిమ్మని లెక్కల మాస్టారు నా ప్రాణం తోడేస్తున్నాడు. రేపు నాటకం మధ్యలో ఆగిందంటే ఆయనకే ఇచ్చేస్తాను. వెనకాల నిలబడి మాటలందించు. పసివాళ్లు, మరిచిపోతారు.”

“అందించనని పిల్లలకు మాటిచ్చానండీ.”

“అదేం పంతం?”

పంతం కాదు, ఆమె పాఠమే అది. మొదటి రోజే పెట్టిన నియమం. ఆటలో ఎవరైనా తడబడితే టీచరు నోరు విప్పదు. పక్కనున్నవాళ్లే చెయ్యందించి లేపాలి, అదీ ఆట లోపల ఉంటూనే. ‘నీ మాట ఇదిరా’ అని చెవిలో ఊదకూడదు. మేక మేకగానే, అవ్వ అవ్వగానే ఆదుకోవాలి. తరగతి గదిలో అది బాగానే సాగింది. అక్కడ పడ్డవాడు నవ్వుకుంటూ లేచేవాడు. ఇక్కడ హాలు నిండా జనం.

కథ చిన్నదే. వానలో అవ్వ ఇల్లు. కాల్లో ముల్లు దిగిన ఎలుగుబంటి వచ్చి, తలుపు తట్టి, ‘అవ్వా, ముల్లు తీస్తావా’ అని అడగాలి. ఆ వేషం మైకుది. వాడు గుసగుసలాడినా పక్క తరగతికి వినబడుతుంది, అందుకని ఆ పేరు. టీచరు నిశ్చింతగా ఉన్నది వాడొక్కడి విషయంలోనే.

పిచ్చుక రెండు అరచేతులూ ముఖం ముందు ఆనించి, రెండు రెక్కల తలుపై నిలబడింది. మైకు కుంటుకుంటూ వచ్చాడు. తట్టడానికి చెయ్యెత్తి, హాలు వైపు చూశాడు. అంతే, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే కొయ్యబారిపోయింది.

ఎవరో దగ్గారు. ఫ్యాన్ల చప్పుడు పెద్దదైపోయింది. అద్దాల్లేని కళ్లజోడు పైనుంచి అవ్వ బిత్తరచూపులు చూసింది. పెద్ద మేడం మెల్లగా తల తిప్పి, తెర పక్కనున్న టీచరు వంక చూసింది.

మాట టీచరు నాలుక చివరే ఉంది. ‘అవ్వా’ అంటే చాలు, మిగతాది వాడే అల్లుకుపోతాడు. పీరియడ్ నిలబడుతుంది. రేపటి నుంచి మాత్రం ఏ పిల్లా ఆమె మాట నమ్మదు. పళ్ల బిగువున ఊరుకుంది. ఇంతలో మైకు కింది పెదవి వణకడం కనబడింది. పీరియడూ నియమమూ రెండూ ఆమెకు గుర్తులేవు. వాడు ఏడవకూడదు, అంతే. ఒక అడుగు ముందుకేసి నోరు తెరిచింది.

“కిర్ర్…”

తలుపు వేలెడంత తెరుచుకుంది. సందులోంచి పిచ్చుక కన్ను మైకును ఎగాదిగా చూసింది. మళ్లీ కిర్రుమని మూసుకుంది. హాల్లో ఒకరు ఫక్కున నవ్వారు.

“అవ్వా,” అంది తలుపు. “బయట ఎవరో వచ్చారు. పాపం, నొప్పికి నోట మాట రావట్లేదు.”

అవ్వ తేరుకుంది. “నువ్వెప్పట్నుంచి మాట్లాడుతున్నావే?”

“వానకు నానాను కదవ్వా.” తలుపు సందులోంచి బయటికి తిరిగింది. “ఏ కాలు నాయనా?”

మైకు కిందికి చూసుకున్నాడు. నిదానంగా ఎడమ కాలు ఎత్తాడు. “ఇది.” పుట్టి బుద్ధెరిగాక వాడు అంత చిన్నగా మాట్లాడి ఉండడు. “ముల్లు. తీస్తావా అవ్వా?”

ఆ మాట వినాలని ముందు వరుసంతా ముందుకు వంగింది. రిహార్సల్లో వాడు దాన్ని ఎన్నిసార్లు గొంతు చించుకుని అరిచినా అందులో ముల్లు లేదు. ఇప్పుడుంది.

తెర పడ్డాక పెద్ద మేడం వచ్చింది. “తలుపు మాటలు ఎవరు రాశారు?”

“ఎవరూ రాయలేదండీ. వాడు పడ్డాడు, అది లేపింది.”

పెద్ద మేడం తలూపింది. “లెక్కల మాస్టారికి నేను చెప్పుకుంటాలే,” అని కదిలింది. హాలు గుమ్మం దగ్గర పిచ్చుక వాళ్లమ్మ ఎవరితోనో అంటోంది, “ఆ తలుపు మా పిల్లేనండీ.”

టీచరు వెనక్కి తిరిగేసరికి, ఖాళీ వేదిక మీద పిచ్చుక రెండు చేతులూ బార్లా చాపి నిలబడే ఉంది.

“అయిపోయిందిగా తల్లీ, ఇంకా ఇక్కడే ఉన్నావేం?”

“నన్నెవరూ మూయలేదు టీచర్.”

టీచరు మోకాళ్ల మీద కూర్చుని, ఆ రెండు చేతులూ పట్టుకుని మెల్లగా దగ్గరకు చేర్చింది. కిర్రుమనడం ఈసారి ఆమె వంతైంది.