ఒక్క రంగులో మిగిలినవాడు

పొద్దున్నే ప్రయోగశాల తాళం తీసి, దీపం వెలిగించి, ఆమె తన భర్తను కుర్చీలో కూర్చోబెట్టింది. కుర్చీ కిర్రుమంటే కూర్చున్నాడని తెలిసింది. వెంట వచ్చిన అత్తగారు గోడవారగా నిలబడింది.

అతని రంగులు పోవడం మొదలై చాలాకాలమైంది. ముందు ఎరుపు, తర్వాత పసుపు, ఆ వెనకే నీలం. ఊళ్లో అది కొత్తేమీ కాదు. పాలవాడు రోజూ, “ఇంకా ఏమైనా మిగిలిందామ్మా?” అని అడిగి, పాలు పోసి, తన దారిన తాను పోయేవాడు.

మిగిలింది సన్నటి ఆకుపచ్చ ఒక్కటే. మామూలు వెలుగులో అది కంటికి ఆనదు. ఆమె పనిచేసే గదిలో గ్రేటింగు ఉంది. అంటే, కంటికి కనిపించనంత సన్నని గీతలు గీసిన అద్దం. దాన్ని కొంచెం తిప్పితే ఒక రంగు, ఇంకొంచెం తిప్పితే ఇంకో రంగు. తెర మీద బొమ్మ ఆ ఒక్క రంగులోనే పడుతుంది. లోహపు ముక్కలకి అలా బొమ్మలు తీయడం ఆమె ఉద్యోగం. మొగుణ్ణి చూసుకోడానికీ ఇప్పుడదే దిక్కు.

ఇవాళ ఆ అద్దాన్ని తిప్పే మర తిప్పి ఆకుపచ్చ దగ్గర ఆపింది. తెర మీద ఏమీ లేదు. ముందుకు తిప్పింది, వెనక్కి తిప్పింది.

“కనపడ్డాడా?”

“ఆగండత్తయ్యా, చూస్తున్నా!”

ఇంకాస్త పెద్ద దీపం కోసం పక్కగదిలోకి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి అత్తగారు గ్రేటింగు మీద బొటనవేలితో రుద్దుతోంది.

“దుమ్ము పట్టిందేమోనని...”

దాన్ని తాకకూడదన్నది ఆ గదిలో నేర్పే మొదటి పాఠం. వేలి జిడ్డు ఆ గీతల్లో చేరితే ఇక వదలదు.

“ఎంత పని చేశారు! ఉన్న ఒక్క దారీ మూసేశారు కదా!” కోడలు నేలమీద కూలబడి గొల్లుమంది. ఆమెకి నిజంగానే ఇక ఎవరూ లేరనిపించింది.

అప్పుడు తెర ఎర్రబడింది. వేలిముద్ర గీతలు అద్దం గీతలకి అడ్డంగా పడి, పసుపొచ్చింది, నీలం వచ్చింది, పోయినవన్నీ వచ్చాయి.

“అమ్మా!”

కుర్చీలో ఎనిమిదేళ్ల పిల్లాడు, తండ్రి చొక్కా తొడుక్కున్నట్టు, చేతులు వేలాడేసుకుని. ఆ బొటనవేలు ఒకప్పుడు రోజూ మూతి తుడిచిన పిల్లాడు. ఆ వేలికి తెలిసినవాడు వీడే.

ముసలామె వాణ్ణి వాటేసుకుంది. భుజం మీంచి తొంగిచూసి వాడు, “ఈవిడెవరే అమ్మా?” అన్నాడు.

కోడలు మోకాళ్ల మీద జరిగి, వాడి చొక్కా చేతులు ఒక్కో మడతా పైకి మడిచింది.

“నేనూ మీ ఇంట్లోనే ఉంటాను నాన్నా,” అంది.