కొండ తాగని నీళ్ళు

ఆ రోజు ఇంట్లో నాన్నమ్మ ఉంది. అమ్మ మబ్రూకా ఉంది. ఒలీవ తోటల్లో కూలికి వెళ్ళే బాబాయి హమ్మాదీ ఉన్నాడు. పొద్దున్నే గోడ కూలి, తడిసిన పరుపులతో వచ్చిపడ్డ పక్కింటి హ్నియ్యా ఉంది, ఆమె రెండు మేకలూ ఉన్నాయి. పొయ్యి పక్కన ఎవరికీ అడ్డం కాకుండా నజ్లా ఉంది. బడిలో పేరు పిలిస్తే పలకడానికే సిగ్గుపడే పిల్ల.

వాన కురిసింది కాసేపే. అలాంటి వానలు ఆ ఊరు చాలా చూసింది. కానీ కొండ వాలు మీద లసాద్ కాంట్రాక్టరు విహార గృహాలకని సిమెంటు పరిచాక ఇదే తొలి వాన. నీళ్ళు ఒక్కుమ్మడిగా దిగాయి. తోట గట్టు దగ్గర ఎగదన్ని, అతని కొత్త రోడ్డు మీదికి పాకాయి. వెంటనే అతని మనుషులు బుల్డోజరుతో గట్టు కోసి, వరదను కింది వీధిలోకి తోలారు. ఊరంతా చూస్తుండగానే తోలారు. రోడ్డు నిలిచింది. హ్నియ్యా గోడ పడింది.

"రేపు మిగతా వాలుకి కూడా సిమెంటు పోస్తారంట," అన్నాడు హమ్మాదీ. "అదీ పోస్తే, మళ్ళీ వానకి కింది వీధి ఉండదు."

ఆ వాలును ఊళ్ళో మెస్కాత్ అంటారు. దాన్ని ఎవరూ దున్నరు. పడ్డ చినుకు పడ్డట్టే దొర్లి కింది ఒలీవలకు చేరాలని తాతల నాటి నుంచి తొక్కి తొక్కి గట్టిపరిచిన నేల అది. పంట పండదు కనుక బంజరని రాసి, సర్కారు దాన్ని లసాద్ చేతిలో పెట్టింది.

"మరి లసాద్ ఇంజనీరు నేల కొలిచే కదా వాన నీళ్ళు పోయే గొట్టం వేయించాడు?" అంది అమ్మ.

నజ్లా నిప్పులు సర్దుతూ, తల ఎత్తకుండా చెప్పింది. "బడికొచ్చి చెప్పాడమ్మా. మనది గుల్ల నేలంట. పది బిందెల వాన పడితే ఎనిమిది నేలే తాగేస్తుందంట. పారేది రెండేనంట. ఆ రెండింటికే గొట్టం."

హ్నియ్యా పరుపు పిండుతున్నదల్లా ఆగింది. "మన కొండా? నీళ్ళు తాగడమా? ఓసి పిచ్చిదానా, దానికి ఏడాది పొడుగునా రంజానే!"

అందరూ నవ్వారు. హమ్మాదీ నవ్వలేదు.

"ఇంజనీరు పరీక్షకని మట్టి తీయడానికొచ్చిన కుర్రాళ్ళకి కొండ మీద గునపం దిగలేదు," అన్నాడు. "చెమటలు కక్కుతున్నారు. జాలేసి టీ పోశాను. 'ఈ రాతిలో ఏం తంటాలురా, కింద తోటలో తవ్వుకోండి, మెత్తగుంటది' అన్నాను. నేనే అన్నాను. ఆ తోట మట్టినే కొండ మట్టని కొలిచారు."

అంటూనే మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. నాన్నమ్మ గొంతు సవరించుకుంది.

"వచ్చినోడికి మెత్తని చోటు చూపించడం మన అలవాటురా. మెత్తగా ఉన్నోళ్ళని మింగడం వాళ్ళ అలవాటు. ఏడవకు. పద, అందరికీ చెబుదాం."

మర్నాడు పొద్దున్నే కింది వీధి మొత్తం బిందెలతో వాలెక్కింది. పై వీధివాళ్ళు కొందరు గోడల మీంచి చూస్తూ, "మా ఇళ్ళు మునగవుగా," అన్నారు.

"మీ ఒలీవలు దేంతో బతుకుతాయ్? లసాద్ ఉమ్మితోనా?" అని అరిచింది హ్నియ్యా. వాళ్ళలో కొందరు గోడ దిగి వచ్చారు.

తోట గట్టు పక్కన సిమెంటు కలిపే యంత్రం దగ్గర లసాద్, ఇంజనీరు మునీర్, సర్కారు నిలబెట్టిన ఊరి పెద్ద ఉమ్దా ఉన్నారు. ఆడవాళ్ళు తోటలో ఒక బిందె వొంపారు. నేల గుటుక్కున తాగేసింది. వాలు మీద ఒకటి వొంపారు. నీళ్ళు దాదాపు అన్నీ జారి లసాద్ బూట్లు తడిపాయి. సిమెంటు మీద వొంపినవి ఉమ్దా కాళ్ళ మీదికే ఉరికాయి.

"చూశారా బాబూ, ఎవరి నేల ఎంత తాగుతుందో!" జనం గొల్లుమన్నారు.

"నాకు తెలుసు," అన్నాడు మునీర్ మెల్లగా. "మళ్ళీ కొలుద్దామన్నాను. గొట్టం పెంచితే రెండు విహార గృహాల చోటు పోతుందన్నారు."

"నోరు మూసుకో మునీర్!" అన్నాడు లసాద్.

లెక్క తప్పు అని చూపిస్తే చాలు, సిగ్గుపడి ఆపేస్తారనుకుంది నజ్లా. వాళ్ళకి ముందే తెలుసు. తెలిసే పోశారు. ఇక చూపించడానికేమీ లేదు, అడ్డం కూర్చోవడమే మిగిలింది.

ఆమే ముందు కూర్చుంది, యంత్రం చక్రం ముందు. పక్కన హ్నియ్యా. ఆ వెనక జనం.

"చదువుకునే పిల్లవి, లే తల్లీ," అన్నాడు ఉమ్దా, తేనె పూసినట్టు.

"గట్టు కట్టించండి, లేస్తాం. మా వాలు మాకివ్వండి, లేస్తాం." తన గొంతు అంత దూరం వినబడుతుందని ఆమెకే తెలియదు. జనం ఆ మాటనే అందుకున్నారు. కొండంతా అదే మాట.

పోలీసు వ్యాను వచ్చింది. హమ్మాదీని ఈడ్చారు. హ్నియ్యాని ఈడ్చారు. "ఈ మూకకి నాయకుడెవడ్రా?" అన్నాడు అధికారి.

"వాలు!" అన్నారెవరో. మళ్ళీ నవ్వులు. లాఠీలు లేచాయి.

నజ్లా జబ్బ పట్టుకుని వ్యానులోకి తోశారు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. చక్రం ముందు తను ఖాళీ చేసిన చోటికి అమ్మ వస్తోంది. నాన్నమ్మని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, తనూ కూర్చుంది. గోడల మీద మిగిలిన పై వీధివాళ్ళూ దిగుతున్నారు.

"లేవకండి!" అని అరిచింది నజ్లా. "అమ్మా, లేవకే! అందరినీ ఎక్కించుకోవడానికి వీళ్ళ దగ్గర బళ్ళు చాల—"

అధికారి ఆమె ముఖం మీదే తలుపు మూసేశాడు.