నలభై ఏడో నమూనా

చెన్నూరు దాటి గోదావరి వైపు నాలుగు మైళ్లు నడిస్తే బొంతలగుట్ట వస్తుంది. మడతపెట్టిన బొంతలను ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పొరలుపొరలుగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఎనభయ్యారు చలికాలంలో ఆ గుట్ట కింద జీపు ఆగి, చమురు కంపెనీ సారు దిగేసరికి ఊరివాళ్లకు కాళ్లు నేలమీద నిలవలేదు. మన గుట్ట కింద నూనె ఉన్నదట అని సర్పంచ్ లింగమూర్తి ఊరంతా చాటేశాడు. ఇక్కడ నూనె చుక్క కూడా లేదని సారు ఎంత మొత్తుకున్నా ఎవరూ చెవిన పెట్టలేదు. లేనిదానికి ఇంత పెద్దమనిషి ఇంత దూరం ఎందుకొస్తాడని వాళ్ల అనుమానం.

నమ్మినవాడు దశరథం ఒక్కడే. అతను పద్మశాలి. ఇంట్లో గుంటమగ్గం మూలపడితే సిరిసిల్ల పోయి కొన్నేళ్లు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేశాడు. భార్య బాలలక్ష్మి చనిపోయాక, మూడేళ్ల బిడ్డ రాజమణి కోసం తిరిగొచ్చి దొరికిన పనల్లా చేస్తున్నాడు. గుట్ట ఎక్కి టేపు పట్టడానికి సన్నటి మనిషి కావాలని సారు అడిగితే, ఊళ్లో అంతకన్నా సన్నటివాడు దొరకలేదు. సారు పేరు లక్ష్మణ్‌రావు, ధర్మపురి దగ్గరి వెలమ దొరల ఇంటివాడు. మొదటిరోజు దశరథం అలవాటు కొద్దీ "దొరా" అంటే, ఆ పిలుపు మా తాతతోనే పోయింది, సార్ అంటే చాలని ఆయన నవ్వాడు. ఆ ఒక్క నవ్వుకే దశరథం ఆయన మనిషైపోయాడు.

పని ఏమిటో సారు అతనికి విడమరిచి చెప్పాడు. నూనె ఉన్నది ఇక్కడ కాదు, కోస్తాలో, మూడు కిలోమీటర్ల లోతున. అక్కడి రాయి కూడా ఒకప్పుడు నదులు తెచ్చిపోసిన ఇసుకే, ఇట్లాగే పొరలుగా పేరుకున్నది. కానీ దాన్ని కంటితో చూసే దారి లేదు. బావి తవ్వితే జానెడు మందం రాతి కడ్డీ పైకొస్తుంది, అంతే. ఒక బావికీ ఇంకో బావికీ నడుమ ఏముందో దేవుడికే తెలియాలి. అందుకని అలాంటి రాయే ఎండకు బయటపడిన చోటికి వచ్చి, ఏ పొర ఎంత దూరం సాగింది, ఎక్కడ తెగింది, ఏది దేనితో కలిసింది కొలిచి, ఆ కొలతలతో లోపలి రాయిని బొమ్మ కట్టుకోవాలి. దశరథం అంతా విని తల ఊపాడు.

"అంటే బట్ట తాను ఆడున్నది, గిది ముక్క. ముక్కను జూసే గదా సార్ తాను బేరం జేస్తం."

లక్ష్మణ్‌రావు రాస్తున్న పెన్సిల్ ఆపి అతన్ని చూశాడు. పదేళ్లుగా ఆయన ఆఫీసులో పెద్దల ముందు గొంతు చించుకుని చెబుతున్నది ఈ రెండు ముక్కలే. ఎక్కడో అడివిలో గుట్టను కొలిచి సముద్రం పక్కన బావి తవ్వుతావా అని వాళ్లు ఎకసెక్కాలాడేవాళ్లు. ఆ రోజు నుంచి ఆయన దశరథం మాటకు విలువ ఇచ్చాడు. పోగు తప్పితే పసిగట్టే కన్ను కదా, రాతిలో వెంట్రుక మందం తేడాను కూడా దశరథం వేలుపెట్టి చూపించేవాడు. అడుగడుగుకూ రంగుతో అంకె వేయడం, ముక్క కొట్టి సంచిలో వేసి అదే అంకె రాయడం అతని పని. జీవితంలో మొదటిసారి తన కన్నుకు మర్యాద దొరికిందని దశరథానికి లోలోపల గర్వంగా ఉండేది.

గుట్టకు నడుమెత్తున ఒక చోట మాత్రం లెక్క కుదరలేదు. అక్కడ పైరాళ్లు కూలి రెండు పొరల నడుమ గీత మొత్తం మూసుకుపోయి ఉంది. మిగిలింది ఒక్క సందు, మనిషి బోర్లా పడుకుని పాకితే పట్టేంత. ఇంత గట్టి రాయి ఈ ఒక్క గీత వెంబడే ఎందుకు కూలింది అని సారు రెండు రోజులు దాని ముందే తిరిగాడు. ఆయనది నిండు విగ్రహం, సందులో భుజాలే పట్టవు. చివరికి దశరథాన్ని పిలిచి, లోపల చివరిదాకా పోయి అక్కడి ముక్క తెమ్మన్నాడు. నోటి దగ్గరిది గాలీవానా తిన్నది, అది పనికిరాదన్నాడు. అంకె నలభై ఏడు.

ఆ సందు సంగతి దశరథానికి తెలిసినంత ఊళ్లో ఇంకొకరికి తెలియదు. ఒకప్పుడు అక్కడ తెల్లమట్టి పొర ఉండేది, పాలమీగడ లాంటి మట్టి. బతుకమ్మ పండుగ ముందు ఆడవాళ్లు గంపలతో పోయి తవ్వుకొచ్చి గోడలు పూసుకునేవాళ్లు. తల్లుల కాలం నుంచి తవ్వీ తవ్వీ గుట్టను లోపలికి తొలిచేశారు. డెబ్బై తొమ్మిదిలో అట్లాగే తవ్వుతుంటే పైబండ దిగింది. దశరథం అక్క సక్కుబాయి కాలు విరిగి బయటపడింది. బాలలక్ష్మి బయటపడలేదు. దశరథం సిరిసిల్ల సాంచాల చప్పుడులో ఉండగా కబురు అందింది. వచ్చేసరికి దహనం కూడా అయిపోయింది.

పదకొండో రోజు పోయాక సక్కుబాయి, మంచంలోనే ఉండి, తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"సావు జూసి నాలుగు నెల్లు భయపడ్తరు తమ్మీ. మల్ల పండుగ రాంగనే గంపలు వట్టుకొని పోతరు. నేను గూడ పోయేదాన్నే. మట్టి ఒడిసింది, అంత రాయే ఉన్నదని జెప్పు. నేను గదే జెప్త."

చెప్పారు. లోపలిదాకా పోయి బతికి వచ్చింది సక్కుబాయి కాబట్టి ఊరు నమ్మింది. ఆనాటి నుంచి ఆడవాళ్లు చెన్నూరు నుంచి సున్నం తెచ్చుకున్నారు, తేలేని వాళ్లు అట్లాగే పండుగ చేసుకున్నారు. ఏడేళ్లలో ఆ సందు జోలికి ఎవరూ పోలేదు. ఒక్క అబద్ధం అన్నేళ్లు కాపలా కాసింది.

ఇప్పుడు సారు ముక్క తెమ్మంటున్నాడు. వెనక పదిమంది ఆడకూలీలు తుప్పలు నరుకుతూ, ఏం తెస్తాడో అని కొంగులు సర్దుకుని చూస్తున్నారు. దశరథం లోపలికి పాకాడు. రెండు బారలు పోయాడో లేదో తడిమట్టి వాసన తగిలింది. పండుగ రోజుల్లో బాలలక్ష్మి చేతులకు ఉండే వాసనే అది. ఇంకో రెండు బారలు పోతే మట్టి ఉంటుంది. దాన్ని పట్టుకుని బయటికి వస్తే రేపు తెల్లారేసరికి ఇక్కడ గంపలు బారులు తీరుతాయి. ఏడుపొచ్చింది, దాన్ని దిగమింగి పక్కగోడకు సుత్తితో కొట్టి రాతిముక్క ఊడదీసి వెనక్కి పాకాడు. సారు దాన్ని ఎండలో తిప్పి చూసి, ఇసుకరాయి అని రాసుకున్నాడు. ఆడకూలీలు మళ్లీ తుప్పలు నరకసాగారు.

మరుసటి చలికాలం సారు పటం పట్టుకుని వచ్చాడు. జీపు బానెట్ మీద పరిచి, సంబరంగా చూపించాడు. పైన ఒక ఇసుక పొర, కింద ఒక ఇసుక పొర, నలభై ఏడు దగ్గర రెండూ కలిశాయి. కోస్తాలో కూడా ఆ రెండూ అట్లాగే కలిసి ఉంటాయని ఆయన పెద్దలను ఒప్పించాడు. కింది పొరలోకి నీళ్లు కొట్టే బావి తవ్వుతున్నారు. ఆ ఒత్తిడికి పై పొర నూనె పాత బావుల్లోకి నడుస్తుంది, చచ్చిపోతున్న బావులు లేస్తాయి. నడుమ జానెడు మట్టి ఉంటే మాత్రం నీళ్లు అటే, నూనె ఇటే. మట్టి లేదు కదా అన్నాడు సారు.

తను ఇచ్చిన ముక్క ఇంత పని చేస్తుందని దశరథం కలలో కూడా అనుకోలేదు. చెప్పేద్దామనుకున్నాడు. చెబితే సారు ఊరుకోడు, ఇరవైమందిని పెట్టి ఆ సందు నోరు తెరిపిస్తాడు, తెల్లమట్టి కుప్ప ఎండలో పడుతుంది. చెప్పకపోతే సారు మునుగుతాడు. భోజనాలయ్యాక చెబుదాం, సాయంత్రం చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే జీపు వెళ్లిపోయింది. భయమో జాలో ఏదైనా అనుకోండి, మనిషికి వాయిదా వేసుకోవడానికి ఒక సాకు చాలు.

ఆ తర్వాత రెండు చలికాలాలు సారు రాలేదు. తొంభైలో భాద్రపదం ఎండల్లో, జీపు లేకుండా, చెన్నూరు బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. నిండు విగ్రహం సగమైంది. నీళ్లు కొట్టిన కొద్దీ కింది పొర నిండిందే కానీ పైన నూనె కదల్లేదనీ, ఈలోగా పాత బావులు ఒక్కొక్కటే చల్లబడ్డాయనీ, విచారణ జరిగిందనీ పొడిపొడిగా చెప్పాడు. ఆయన్ని కాగితాలు సర్దే గదిలో కూర్చోబెట్టారట. గుట్టను కొలిచి బావి తవ్వే పని ఇంకెవరూ ఎత్తకూడదని తీర్మానం రాశారట.

"ఒక్క నలభై ఏడే నా కండ్లతోని జూడలే," అన్నాడు లక్ష్మణ్‌రావు చొక్కా విప్పుతూ. "ఇప్పుడైతే గా సందుల పట్త."

ఆ బండ కిందికి ఆయన పాకడం తలుచుకునేసరికి దశరథానికి ఇక వాయిదా వేసే దారి లేకపోయింది. అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దు సార్. నలభై ఏడు అబద్ధం. నేను శివరిదాక పోలే. నా పెండ్లాం ఆడనే సచ్చింది. మట్టి దీస్తే ఆడోళ్లు మల్ల పోతరని పక్క గోడకు గొట్టి ఇచ్చిన."

సారు చేతిలో చొక్కాతోనే ఒక రాయి మీద కూర్చున్నాడు. తిట్టినా బాగుండునని దశరథం అనుకున్నాడు. చుట్టూ మనుషులెవరూ లేరు. సారు ఆపబోతున్నా వినకుండా, ఈసారి తనే పాకి, చివరిదాకా పోయి పిడికెడు తెచ్చి ఆయన అరచేతిలో పెట్టాడు. లక్ష్మణ్‌రావు దాన్ని ఉమ్మితో తడిపి బొటనవేలితో రుద్దాడు. నున్నగా సాగింది.

"ఎంత మందం?"

"జానెడు మీదనే సార్."

"రాయి నిజమే జెప్పింది దశరథం," అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "కానీ గా రాయికి, గీ రాయికి సంబంధం లేదు, నాదే తప్పు అని పోయిన నెలనే సంతకం బెట్టిన. నా పటాలు గూడ పారేసిన్రు. ఇప్పుడు దీన్ని తీస్కపోయి ఎవలకు జూపియ్యాలె?"

ఆ మట్టిని రాయి మీద పెట్టి, చొక్కా వేసుకుని, బస్సు వేళయిందని వెళ్లిపోయాడు. క్షమించానని అనలేదు, నువ్వు చేసింది తప్పని కూడా అనలేదు. దశరథం మట్టిముద్దను వాగులో విసిరేసి, మోకాళ్లూ మోచేతులూ కడుక్కుని ఇల్లు చేరాడు. తల్లి లేని పిల్లకు తల్లిని బలితీసుకున్న చోటు తెలియకుండా పెంచాడు, మనసు తెలిసినవాడు ఒక్కడుంటే వాడి బతుకును బుగ్గి చేశాడు. ఆ బరువు రేపటితో పోయేది కాదని అతనికి తెలుసు.

కానీ చొక్కా అతుకుల్లో మిగిలినదాన్ని అతను చూసుకోలేదు. సాయంత్రం రాజమణి ఆ చొక్కాను తొట్టిలో ముంచితే నీళ్లు పాలలాగా అయ్యాయి. పద్నాలుగేళ్ల పిల్ల. తన ఈడు పిల్లల ఇండ్లన్నీ సున్నంతో మెరుస్తుంటే, పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి తమ గోడలు మట్టిరంగులోనే చూస్తోంది. ఆ నీళ్లలో వేలు ముంచి గోడమీద గీసింది. ఆరాక గీత తెల్లగా వెలిగింది. తండ్రి పొద్దున పోయింది గుట్టకే అని ఆమెకు తెలుసు. ఏమీ అడగలేదు, పక్కింటి పిల్లలకు మాత్రం చూపించి వచ్చింది.

తెల్లవారి సక్కుబాయి కుంటుకుంటూ వచ్చి దశరథాన్ని లేపింది. పిల్ల లేదు, గడ్డపార లేదు, గంప కూడా లేదు. గోడమీద గీతను చూపించి ఆమె అక్కడే కూలబడింది. దశరథం చెప్పుల్లేకుండా పరుగెత్తాడు. గుట్ట దగ్గర అప్పటికే ఎనిమిది మంది ఆడవాళ్లున్నారు. మట్టి ఒడిసిందని, బండ కూలుతుందని అతను అరిచాడు. పదకొండేళ్లు నమ్మినవాళ్లు ఇప్పుడు అతని ముఖం చూసి నవ్వారు. వాళ్ల గంపల్లో మట్టి తెల్లగా మెరుస్తోంది.

రంగు వెలిసిన నలభై ఏడు అంకె కింద సందులోంచి గడ్డపార చప్పుడు మెత్తగా వినిపిస్తోంది. దశరథం బోర్లా పడుకుని తల లోపలికి పెట్టాడు. బిడ్డ పాదాలు కూడా కనిపించనంత దూరంలో ఉంది. గట్టిగా అరిస్తే పైబండ దిగుతుందేమోనని మెల్లగా పేరు పెట్టి పిలిచాడు. లోపలి నుంచి రాజమణి గొంతు సంతోషంగా పలికింది.

"బాపూ, ముంగటికి పోయినకొద్ది ఇంకా తెల్లగున్నది. జర ఇంకో గంప అందియ్యి."