దొర సీటు

వానలో తడవకుండా డ్యూటీ చేయడం జెండాకు అదే మొదటిసారి. ఇంజను గదిలోకి ఎక్కి తలుపు లాక్కున్నాడు. కిటికీ అద్దాలు రెండూ బిగించాడు. సీటు మీద ఒకసారి కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాడు. మెత్తగానే ఉంది. కింద పట్టాల పక్కన, గోడౌను నుంచి ఇవాళ్టికి పంపిన మనిషి గోనెసంచి నెత్తిన కప్పుకుని వణుకుతూ నిలబడ్డాడు. నిన్నటిదాకా అక్కడ వణికింది తనే.

అది సిమెంటు ఫ్యాక్టరీలో వ్యాగన్లను అటూ ఇటూ నెట్టే పాత డీజిలు ఇంజను. దాన్ని నడిపేది అతని తోడల్లుడు, భార్య చెల్లెలి మొగుడు. ఎప్పుడూ ఎత్తున కూర్చుంటాడని అందరూ అతన్ని దొర అంటారు. కింద నిలబడి, వ్యాగన్లకు కొక్కేలు తగిలించి, జెండా ఊపేవాడు కనక ఇతను జెండా. ఇద్దరూ ఒకేసారి ఇంజను నేర్చుకున్నారు. వయసులో పెద్ద జెండాయే. సూపర్‌వైజరు వేలు మాత్రం చిన్నవాడివైపు తిరిగింది. ఆనాటి నుంచి జెండా కడుపులో మంట చల్లారలేదు.

దొర ఏం చేసినా అతని కంటికి అది దర్జాగానే కనిపించేది. ఎండైనా వానైనా కిటికీలోంచి సగం ఒళ్ళు బయటపెట్టి ఇంజను నడిపేవాడు దొర. "ఊరేగుతున్నాడు చూడు, పెళ్ళికొడుకులా!" అని జెండా పళ్ళు నూరుకునేవాడు. మరదలు దొర దిండుకు రోజూ ఉతికిన గలీబు తొడుగుతుందని భార్య చెప్పిన పూట అతనికి అన్నం సయించలేదు. తన దిండుకు అసలు గలీబే లేదు. వారానికొకరు చొప్పున ఇంజను ఎక్కండని సూపర్‌వైజరు అన్నప్పుడు దొర ససేమిరా ఒప్పుకోలేదు. "నువ్వు కిందే ఉండన్నయ్యా, నీకిది పడదు," అన్నాడు. ఆ తర్వాత జెండా అతనితో పనిమాట తప్ప మాట్లాడలేదు.

ఇప్పుడు దొర ఆస్పత్రిలో ఉన్నాడు. పొద్దున క్యారేజీ సర్దుతూ భార్య కదిపింది.

"నిన్న రాత్రి నుంచి చెల్లి ఒక్కతే కూర్చుంది అక్కడ. ఒకసారి చూసి రాకూడదూ?"

"దగ్గుకి కూడా పరామర్శలా?"

"ఉత్త దగ్గా అది! డీజిలు పొగలో మసి ఉంటుందంట. కంటికి ఆననంత సన్నగా ఉంటుందంట. పీల్చిందల్లా ఊపిరితిత్తుల అడుక్కి దిగి కూర్చుందంట. డాక్టరే చెప్పాడు."

"పొగకింద నిలబడేది నేను. జబ్బు మాత్రం సీట్లో కూర్చున్నాయనకా? అందులోనూ వాడిదే పైచెయ్యి!"

భార్య క్యారేజీ మూత గట్టిగా నొక్కింది.

ఇంజను కదిలింది. జెండా అవసరం లేకపోయినా హారను రెండుసార్లు మోగించాడు. సిమెంటు వ్యాగన్లు ఒకదానికొకటి ఢీకొని మూలుగుతూ వెనక్కి నడిచాయి. కాసేపు రాజ్యం ఏలినట్టే ఉంది. మధ్యాహ్నం కాకముందే కణతలు లాగడం మొదలుపెట్టాయి. కళ్ళు మండాయి. ఆకలేమో అనుకుని క్యారేజీ విప్పితే అన్నం కూడా డీజిలు వాసనే వేసింది. దగ్గు తెర వచ్చింది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, తీసి చూస్తే నల్లటి చార.

వంగి వెతికాడు. గదికీ ఇంజనుకూ మధ్య ఉన్న రేకు తుప్పు తినేసి జల్లెడలా ఉంది. ఆ కన్నాలనిండా గుడ్డపేలికలు కుక్కి ఉన్నాయి. మరదలి ఊదారంగు చీర ముక్కలవి. అంచుల్లోంచి పొగ ఇంకా సన్నగా పాకుతూనే ఉంది.

ఊపిరాడక జెండా కిటికీ తోసి, వానలోకి తలా భుజాలూ బయట పెట్టాడు. చల్లగాలి గుండెల్లోకి దిగింది. అప్పుడు తెలిసింది, తను అచ్చం దొరలాగే వేలాడుతున్నానని. రోజుకొక గలీబు ఎందుకు మార్చాల్సి వచ్చిందో తెలిసింది. "నీకిది పడదు" అన్న మాటకు అర్థం కూడా తెలిసింది.

"ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయేదిరా!" అన్నాడు పైకే. చెప్పినా తను నమ్మేవాడు కాదు. సీటు కోసం కల్లబొల్లి కబుర్లనే అనేవాడు. సిగ్గుతో పాటే ఆ పాత మంటా లేచింది. చివరికి మంచితనంలోనూ వాడు తనకంటే ఒక మెట్టు పైనే కూర్చున్నాడు. సాయంత్రం డ్యూటీ దిగగానే ఆస్పత్రికి వెళ్ళాలి. వెళ్ళి తిట్టాలి. బాగా తిట్టి, ఆ మంచం పక్కనే కూర్చోవాలి.

గొడుగు వేసుకుని సూపర్‌వైజరు పట్టాలు దాటి వచ్చాడు.

"దిగవయ్యా. ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. మీ తోడల్లుడు పోయాడు."

జెండా కిటికీలోంచే అడిగాడు. "ఈ రేకు సంగతి మీకు తెలుసా?"

"చెబుతూనే ఉన్నాడు పాపం." సూపర్‌వైజరు గొడుగు కొంచెం కిందికి దించాడు. "కొత్త ఇంజను వస్తుందన్నారు కదా అని..."

జెండా ఇంజను ఆపేశాడు. వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. వీధి వీధంతా ఇవాళ దొర కోసం ఏడుస్తుంది. తను పోతే ఇంతమంది ఏడుస్తారా అన్న ఆలోచన రాకూడని వేళ వచ్చింది. దాన్ని నెట్టేయలేక, ముఖం కడుక్కున్నట్టు రెండు చేతులతో తుడుచుకున్నాడు.

దిగబోతూ కిటికీ అంచు పట్టుకుంటే వేళ్ళకేదో తగిలింది. రేకు మడతలో దొర దువ్వెన. పళ్ళన్నీ మసి పట్టి నల్లగా ఉన్నాయి, వాటి మధ్య, తనకంటే చిన్నవాడిది, ఒకే ఒక్క తెల్ల వెంట్రుక.