గోడవైపు దీపం

పాలరాతిని తడిగుడ్డతో తుడవకూడదు. ఆ సంగతి రిషితకు పనిలో చేరిన మొదటిరోజే చెప్పారు. నీళ్ళు వద్దు, సబ్బు వద్దు. మేకవెంట్రుకల కుచ్చు బ్రష్షుతో పైనుంచి కిందికి దుమ్ము దులపాలి. తొడుగు లేని చేత్తో తాకితే చర్మంలోని జిడ్డు రాతిలోకి ఇంకి, ఏళ్ళు గడిచాక పసుపు మరకై తేలుతుందట. కెనడాలోని హామిల్టన్‌లో ఒకప్పటి ఉక్కు కంపెనీ యజమాని ఇల్లు ఇప్పుడు మ్యూజియం. వారానికి నాలుగు పొద్దుటిపూటలు రిషితకు అక్కడ శుభ్రం చేసే పార్ట్‌టైమ్ పని. ఇంట్లో అంట్లు తోమీ తోమీ వేళ్ళు పగిలిన మనిషికి, ఒక ఆడబొమ్మను ఇంత అపురూపంగా చూడాలని చెబుతుంటే మొదట్లో నవ్వొచ్చింది.

ఈ శుక్రవారం మాత్రం ఆ కుచ్చు చేతిలో నిలవడం లేదు. సాయంత్రం నాలుగింటికి కాలేజీలో రిజిస్ట్రేషన్ కౌంటర్ మూసేస్తారు. ఆలోగా తన పేరునుంచి తీసేసిన రెండు సబ్జెక్టులు తిరిగి చేరకపోతే ఈ సెమిస్టర్‌కి ఆమె ఫుల్‌టైమ్ స్టూడెంట్ కాదు. ఫుల్‌టైమ్ కాకపోతే చదువయ్యాక వర్క్ పర్మిట్ వస్తుందో రాదో దేవుడికి తెలియాలి. సబ్జెక్టులు తీసేసింది కాలేజీ కాదు. మొగుడు.

గోపీకృష్ణ చెడ్డవాడేం కాదు. ఆ మాట రిషిత రోజుకు నాలుగుసార్లయినా అనుకుంటుంది. అన్నిసార్లు అనుకోవలసి రావడమే ఈమధ్య ఆమెకు ఎందుకో భయంగా ఉంటోంది. వాళ్ళది ఐఈఎల్‌టీఎస్ పెళ్ళి. ఖమ్మంలో పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు అత్తగారు రత్నకుమారి పాటలొచ్చా అనలేదు, వంటొచ్చా అనలేదు. "ఓవరాల్ ఎంతమ్మా? రైటింగ్‌ల ఎంతొచ్చింది?" అని అడిగింది. ఏడున్నర అనగానే కాఫీలు చల్లారకముందే ముహూర్తాల మాట ఎత్తారు. గోపీ ఆ ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ చతికిలబడ్డాడు. అందుకని చదువు ఫైలు రిషిత పేరున కదిలింది. ఆమె స్టూడెంట్, అతను ఆమె వెంట వచ్చే డిపెండెంట్. అలాంటి ఫైళ్ళు ఆ ఏడాది వీధికి రెండు కదిలాయి. డిపెండెంట్ అన్న మాట రిచ్‌మండ్ హిల్‌లో తెలిసినవాళ్ళింట్లో భోజనాల దగ్గర ఒక్కసారి రిషిత నోటివెంట మామూలుగా దొర్లింది. తిరిగొచ్చిన రాత్రే గోపీ తల్లికి ఫోన్ చేశాడు. మర్నాడు అత్తగారు వీడియో కాల్‌లో, మగవాణ్ణి పట్టుకుని ఆ మాటేంటమ్మా, మనవాళ్ళ ముందు ఇంకెప్పుడూ అనకు అని బుజ్జగిస్తూనే వాత పెట్టింది. అప్పటినుంచి ఇంట్లో ఆ మాట లేదు. ఫారాల్లో ఉంటే ఉండనీ.

కాలేజీ లాగిన్ కూడా గోపీయే తెరిచాడు. పాస్‌వర్డ్ అతని దగ్గర, తెరిచినప్పుడల్లా వచ్చే ఆరంకెల కోడ్ అతని ఫోన్‌కి. తన టైమ్‌టేబుల్ తాను చూసుకోవాలన్నా రిషిత 'కోడ్ చెప్పవా' అని మెసేజ్ పెట్టి, వేర్‌హౌస్‌లో అతనికి బ్రేక్ వచ్చేదాకా ఎదురుచూడాలి. అవన్నీ నేను చూసుకుంటాగా, నువ్వు చూడక్కర్లేదు అనేవాడు. ప్రేమగానే అనేవాడు. చాలాకాలం రిషిత కూడా అది ప్రేమే అనుకుంది.

మంగళవారం ఆర్ట్ క్లాసులో టీచర్ హాజరు పిలుస్తూ ఆమె పేరు దాటేసింది. క్లాసయ్యాక వెళ్ళి అడిగితే, నువ్వే డ్రాప్ చేసుకున్నావు కదా అంది. ఈ టర్మ్ నాలుగు సబ్జెక్టుల్లో ఆర్టూ స్టాటిస్టిక్సూ పోయి రెండు మిగిలాయి. ఇంటికొచ్చి అడిగితే గోపీ తడుముకోకుండా చెప్పాడు. స్టూడెంట్స్‌కి పనిగంటల లిమిట్ తీసేశారు, ఈ టర్మ్ రెండు చాలు, మిగతా టైమ్‌లో షిఫ్టులు చెయ్యొచ్చు, ఖమ్మంనుంచి వచ్చిన అమ్మ కూడా పగలంతా ఈ బేస్‌మెంట్ ఇంట్లో ఒక్కతే ఉండలేకపోతోంది, ఫ్రెండ్ యోగానంద్ కూడా అలాగే చేశాడు, అతనికేం కాలేదు. యోగానంద్‌ది ఆఖరి సెమిస్టర్. ఆఖరిదాంట్లో తక్కువ తీసుకోవచ్చు. రిషితకిది రెండోది. ఓరియెంటేషన్‌లో గోపీ కూడా పక్కనే కూర్చుని విన్న నియమం అది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు ఉంది అతని తెలివి. ఆ తేడా చెప్పబోతే గోపీ అన్నం కంచంలోంచి తలెత్తకుండానే, "కన్సల్టెన్సీ వాళ్ళతో మాట్లాడింది నేనా నువ్వా?" అన్నాడు. రిషిత పెరుగు గిన్నె తేవడానికి లేచింది.

లేవకుండా ఉండాల్సింది. మూడు రోజులుగా ఆమెను తినేస్తున్నది అదే. ఒక్క నిమిషం కూర్చుని, ఆ నియమం ఇదీ అని చెప్పి ఉంటే? పెరుగు ఎక్కడికి పోతుంది? కానీ అత్తగారు పక్కనే చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ చేటదో కథ. డిసెంబరులో విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు ఆవిడ సూట్‌కేసులో కందిపప్పు, శనగపప్పు, పెసరపప్పు పొట్లాలు పగిలి ఏకమయ్యాయి. పారేద్దామంటే అన్నం పరబ్రహ్మ స్వరూపం అంది. ఇక్కడ చేట ఎక్కడ దొరుకుతుందత్తయ్యా అంటే, అది కూడా సూట్‌కేసులోంచి తీసింది. "చదువుకుంటనే ఏరొచ్చు, చేతులు ఖాళీనే కదా." నెల దాటినా ఆ పప్పు తరగలేదు. పుస్తకం ఎడమవైపు, చేట కుడివైపు. రిషిత మొదటి టర్మ్ పరీక్షలకు అలాగే చదివింది.

మ్యూజియంలో తను దులిపే ఈ పాలరాతి బొమ్మ కథ ఆమెకు చెప్పింది సుందరి ఆంటీ. పూర్తిపేరు బాలత్రిపురసుందరి, కాకినాడ మనిషి. ఇక్కడి ఆసుపత్రిలో ముప్ఫయ్యేళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యాక మ్యూజియంలో వాలంటీరు గైడుగా వస్తోంది. బ్యాడ్జి మీద 'బాలా' అని ఉంటుంది. బొమ్మలో రెక్కల కుర్రాడు వంగి ఉంటాడు. కింద పడున్న పిల్ల సగం లేచి, రెండు చేతులూ అతని తలచుట్టూ వలయంలా ఎత్తుతుంది. పెదాలకూ పెదాలకూ మధ్య నాలుగు వేళ్ళ సందు. జంటలు దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతారు.

"ఇతను వీళ్ళ మన్మథుడమ్మా, ఈ పిల్ల పేరు సైకీ, పెళ్ళాం" అని మొదలుపెట్టింది ఆంటీ ఆ రోజు. మన రతీదేవి మొగుడికి ఒళ్ళే లేదు, ఈమె మొగుడికి ఒళ్ళుంది కానీ చూడకూడదు, ఏ దేశమైనా మొగుడు కనబడ్డం కష్టమే అని నవ్వింది. చీకట్లో వస్తాడు, తెల్లారకముందే పోతాడు. షరతు ఒక్కటే, తన మొహం చూడకూడదు. ఆ పిల్ల ఉండబట్టలేక దీపం పట్టుకుని చూసింది. చూసినందుకు వదిలేసి పోయాడు. ఇక అత్తగారు వీనస్ చేతికి చిక్కింది. ఆవిడ కలిపి కుప్పపోసిన గింజలన్నీ రకానికి రకం ఏరమంది.

"ఏం గింజలు ఆంటీ?" అంది రిషిత.

"గోధుమలు, బార్లీ, చిక్కుళ్ళు, అలాంటివేవో. ఏంటలా చూత్తావు?"

రిషితకు నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాక బొమ్మ చుట్టూ వెతికింది. గింజల కుప్ప ఎక్కడా లేదు. ఏరిన వేళ్ళకు పగుళ్ళు లేవు. రెండు వందల ఏళ్ళ కిందట అదీ వాళ్ళ పద్ధతి, పాత గ్రీకు బొమ్మల్లా అంతా ప్రశాంతంగా ఉండాలి, చెమటా ఏడుపూ చెక్కరు, కథంతా వదిలేసి, చివర్లో అతను తిరిగొచ్చి సొమ్మసిల్లిన పిల్లను లేపే ముద్దు దగ్గర మొదలుపెడతారు అని ఆంటీ వివరించింది. సైకీ వీపు ఎంత నునుపుగా ఉందంటే, అది ఒక్కరోజు కూడా పనిమీద వంగిన వీపులా లేదు. రిషితకు ఆ పిల్లమీద జాలేసింది. ఇంత పడి, చివరికి ఎవరో వచ్చి లేపితే లేచినదానిలా మిగిలింది.

ఇప్పుడు పదిన్నర. పదకొండుకు పని అయిపోతుంది. పన్నెండున్నరకల్లా ఇంట్లో అన్నం, కూర కావాలి, రెండింటి షిఫ్టుకి గోపీకి బాక్సు కట్టాలి. ఊళ్ళో అందరూ మౌంటెన్ అనే కొండ మీదున్న కాలేజీకి బస్సెక్కితే అవేవీ కావు. ఇంటికెళ్ళి వండి వెళ్తే నాలుగులోగా లైనులో తన వంతు రాదు. వెళ్ళినా కోడ్ ఎవరు చెబుతారు? మధ్యాహ్నం ఫోన్ చేసి అడిగితే ఎందుకంటాడు. ఎందుకో చెబితే వద్దంటాడు. అతనికి తెలియకుండా చేస్తే? తెలిశాక అతను బిచాణా ఎత్తేసి పోతే? మొదటి మెట్టు బస్సో, స్టవ్వో తేలక అక్కడే నిలబడిపోయింది.

చేతులకు పని ఉండాలని బొమ్మ వెనక్కి వెళ్ళింది. వెనకవైపు గోడకు మూరెడు దూరం. సందర్శకులు అటు రారు, నెలకోసారి శుభ్రం చేసేవాళ్ళు తప్ప. రిషితకు ఇంతవరకూ ఆ వంతు రాలేదు. దుమ్ము కనబడేందుకు చిన్న టార్చి ఇస్తారు. రిషిత గోడకు ఒళ్ళానించి దూరి, టార్చి వేసి కింద రాతిగుట్ట మీద దులుపుతూ ఆగిపోయింది. రెక్క నీడలో, అరచేతి పొడవు దీపం. పక్కకు ఒరిగిపోయి ఉంది, మూతినుంచి నూనె జారినట్టు సన్నని గీత. ముందువైపు అద్దంలా మెరిసే రాయి ఇక్కడ గరుకుగా, ఉలిగాట్లతో ఉంది. చెక్కినవాడెవడో గానీ దీపాన్ని పూర్తిగా వదల్లేకపోయాడు. చూడొచ్చేవాళ్ళకు ముద్దు చూపించి, గోడకు దీపం చూపించాడు.

పిలిస్తే సుందరి ఆంటీ కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చి, గోడపక్కన వంగి చాలాసేపు చూసింది. "ఎనిమిదేళ్ళుగా కథ చెబుతున్నాను. ఒక్కసారీ వెనక్కెళ్ళలేదు చూడు" అంది. తర్వాత రిషిత మొహం చూసి ఏమైందని అడిగింది. రిషిత అంతా చెప్పింది. కోడ్ ఆయన ఫోన్‌కే వస్తుందాంటీ అని ముగించింది.

"కౌంటరుకాడికి కోడెందుకమ్మా? మనిషివి పోతే చాలదా? నీ కార్డు మీద ఫోటో ఎవరిది?"

రిషిత తొడుగులు తీసి చెత్తబుట్టలో వేసింది.

బస్సు కొండ ఎక్కుతుంటే మంచు మొదలైంది. పన్నెండుకు అత్తగారి ఫోను, ఎత్తలేదు. పన్నెండూ పదికి మళ్ళీ. మూడోసారి ఎత్తి, క్లాసుంది, అన్నం మీరు పెట్టెయ్యండి అత్తయ్యా అంది. కౌంటరు ముందు లైను కారిడారు చివరిదాకా ఉంది. సగంమంది తనలాంటి వాళ్ళే, నల్గొండ, గుంటూరు, జలంధర్, చేతుల్లో ఫైళ్ళు, కళ్ళల్లో బెదురు. రెండయింది. గోపీ షిఫ్టుకి వెళ్ళుంటాడు, కూర లేని బాక్సుతోనే. మూడయింది. తిరిగిపోదామా అని రెండుసార్లు పక్కకు జరిగి, రెండుసార్లూ తన చోటుకే వచ్చి నిలబడింది. మూడూ నలభైకి ఆమె వంతు వచ్చింది.

లోపలి అమ్మాయి కార్డు తీసుకుని, ఫోటో వంకా ఆమె వంకా చూసి, ఏం కావాలంది. రిషిత చెప్పింది. స్టాటిస్టిక్స్‌లో సీట్లున్నాయి, ఆర్ట్‌లో ఒక్కటి ఉంది. రెండూ చేర్చి, ఆ అమ్మాయి తెర మీద ఇంకేదో చూసి ఇంగ్లీషులో అడిగింది, ఈ ఫోన్ నంబరు మీదేనా అని. కాదు, గోపీకృష్ణది. ఆయన మీకేమవుతారు?

భర్త అనబోయింది. ఆ మాటా నిజమే. కానీ ఆ మాట చాటునే కదా సంగతి ఇంతదూరం వచ్చింది.

"నా డిపెండెంట్" అంది రిషిత. "ఆ నంబరు తీసేసి నాది పెట్టండి."

నిమిషం తిరక్కుండా చేతిలోని ఫోను కదిలింది. ఆరంకెలు. ఇన్నాళ్ళూ ఇంకొకరి నోటివెంట విన్న అంకెలను ఆమె తన నోటితో ఒక్కొక్కటే చదివింది. మధ్యాహ్నం చేసినదానికి సాయంత్రం ఇంట్లో ఏం జరగబోతోందో ఆమెకు బాగా తెలుసు.

బస్‌స్టాపులో నిలబడేసరికి గోపీ బ్రేక్‌లో ఉన్నట్టున్నాడు, మెసేజ్ వచ్చింది. 'కాలేజీ లాగిన్ ఓపెన్ అవట్లేదు. నువ్వేమన్నా చేశావా?'

రిషిత చలికి వేళ్ళు కొంకర్లు పోతుండగా జవాబు మొదలుపెట్టింది. యోగానంద్‌ది ఆఖరి సెమిస్టర్ అనీ, తనది రెండోదనీ, నా పర్మిట్ పోతే నీదీ పోతుందనీ, నీ మేలుకోసమే అనీ రాసింది. కోప్పడకు అని కూడా రాసింది. అంతా చెరిపేసింది. క్షమించు అని రాసి, దాన్నీ చెరిపేసింది. బస్సు లైట్లు మలుపు దగ్గర కనిపించాయి.

'చూశాను' అని పంపింది.